డీటీపీ కంప్యూటర్‌లో అక్కర్లేని ఫాంట్లు: తీసేయడమా, పక్కన పెట్టడమా?

నల్లగొండ ప్రకాశం బజారులోనో, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనో పెళ్లిపత్రిక వేయించుకోవడానికి, కంప్యూటర్‌లో పేజీలు కూర్చి ఇచ్చే డీటీపీ షాపులో కూర్చున్న పెద్దమనిషి “పేర్లకు అక్షరం జెర గుండ్రంగ ఉండాలె” అన్నాడంటే, ఆపరేటర్ ఫాంట్ల, అంటే అక్షర రూపాల, జాబితా తెరిచి కింది బాణం మీట నొక్కిపట్టి దిగడం మొదలుపెడతాడు. ఏజెన్సీ, అల్జీరియన్, ఏరియల్ దాటాలి. ఎబ్రిమా, గదుగి, జావనీస్ టెక్స్ట్, లీలావదీ, మాల్గున్ గోతిక్, మంగోలియన్ బైతి దాటాలి. అవన్నీ పోయాక గానీ ప్రియాంక, రమాభద్ర, సురవరం లాంటి పేర్లు తగలవు. గదుగి అనే ఫాంట్ అమెరికా ఆదివాసులైన చెరోకీల లిపి కోసం చేసినది. ఎబ్రిమా ఆఫ్రికా లిపుల కోసం చేసినది. ఆ షాపు తెరిచిన నాటి నుంచి మూసే నాటి దాకా వాటితో ఒక్క పని కూడా పడదు, అయినా ప్రతి పత్రికకూ, ప్రతి ఫ్లెక్స్‌కూ ఆ పేర్లను దాటుకునే పోవాలి.

ఈ విసుగు పెరిగిన రోజున ఎవరికైనా తోచే ఆలోచన, అక్కర్లేనివన్నీ ఎంచుకుని డిలీట్ మీట నొక్కడం. అలా నొక్కినవాళ్లలో కొందరు మళ్లీ విండోస్ వేయించుకునే పరిస్థితికి వస్తారు. ఫాంట్ల విషయంలో ఇబ్బంది పెట్టేది జాబితా పొడవే తప్ప డిస్కులో ఫైలు ఉండటం కాదు. ఇవి రెండూ వేర్వేరు సమస్యలు. మొదటిదాన్ని తీర్చడానికి రెండోదాని మీద చేయి వేయడం వల్లే నష్టం జరుగుతుంది. పైగా ఏ ఫాంట్ అక్కర్లేనిదో తేల్చేది ఆ షాపుకు వచ్చే పని. ఢిల్లీలో కూర్చుని రాసిన జాబితాను పాలమూరులో పాటిస్తే పాలమూరుకు కావలసినవే ముందు పోతాయి.

కంప్యూటర్‌తో పాటే వచ్చే ఫాంట్లు అన్నప్పుడు ఈ ప్రాంతంలో మూడు రకాలను వేరు చేసి చూడాలి. విండోస్ తనతో తెచ్చినవి మొదటి రకం. ఆఫీస్, కోరెల్‌డ్రా, లిబ్రెఆఫీస్ లాంటి సాఫ్ట్‌వేర్లు తమతో తెచ్చినవి రెండో రకం. అసెంబుల్ చేసి ఇచ్చే షాపువాళ్లు “డీటీపీకి అన్నీ వేసి ఇచ్చినం” అని చెప్పి నింపి ఇచ్చినవి మూడో రకం. తిట్లన్నీ మొదటి రకానికి పడుతుంటాయి గానీ, జాబితాను నిజంగా బరువెక్కించేది మూడోదే.

విండోస్‌ను ప్రపంచమంతటికీ ఒకే సరుకుగా తయారు చేస్తారు కాబట్టి, ఏ దేశపు వెబ్‌పేజీ తెరిచినా, ఏ భాష పేరుతో ఫైలు వచ్చినా అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనబడకుండా ఒక్కో లిపికి కనీసం ఒక్కో ఫాంట్‌ను అందులో పెడతారు. ఒక ఫాంట్‌లో లేని అక్షరం ఎదురైనప్పుడు విండోస్ ఆ అక్షరం ఉన్న మరో ఫాంట్‌ను తనంతట తాను వెతికి తెచ్చుకుంటుంది. గదుగి, ఎబ్రిమా ఉన్నది ఈ పనికే. వాటిని తీసేయడానికి ప్రయత్నించినా, ఇది రక్షిత సిస్టమ్ ఫాంట్ అని చెప్పి విండోస్ ఒప్పుకోదు. ఫైలు యాజమాన్యాన్ని మార్చుకుని బలవంతంగా తీసినవి కూడా పెద్ద అప్‌డేట్ వచ్చిన రోజున మళ్లీ ప్రత్యక్షమవుతాయి. కాబట్టి వీటితో కుస్తీ పట్టడం వృథా శ్రమ.

కొన్నింటి జోలికి వెళ్లడం వృథాయే కాదు, ప్రమాదం కూడా. మార్లెట్ అనే పేరు చూసి అదేదో పాత ఇంగ్లిష్ ఫాంట్ అనుకోవచ్చు. కిటికీల మూల ఉండే మూసివేత గుర్తు, చిన్నది పెద్దది చేసే గుర్తులు సంప్రదాయంగా గీసేది దానితోనే. సెగో యూఐ పోతే మెనూలన్నీ చెదురుతాయి. సెగో ఎండీఎల్2 పోతే సెట్టింగ్స్‌లో బొమ్మల చోట డబ్బాలు మిగులుతాయి. టహోమా, మైక్రోసాఫ్ట్ శాన్స్ సెరిఫ్ పాత సాఫ్ట్‌వేర్ల డైలాగ్ పెట్టెలకు ఆధారం. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ మీద ఇంకా బతుకుతున్న షాపుకు ఇవి తప్పనిసరి.

తెలుగువాళ్లు మరీ జాగ్రత్తగా ఉండవలసిన పేరు నిర్మలా యూఐ. 2012లో విండోస్ 8తో వచ్చిన ఈ ఒక్క ఫాంట్‌లోనే తెలుగు, దేవనాగరి, కన్నడ, తమిళం, మలయాళం, బెంగాలీ, గుజరాతీ, గురుముఖి, ఒడియా, సింహళం వంటి లిపులన్నీ ఉంటాయి. డిజైన్‌లో దీన్ని ఎవరూ పెద్దగా వాడరు; పత్రిక మీద పెడితే ఆఫీసు కాగితంలా ఉంటుందన్న మాట నిజమే. అందుకే ఇది “అక్కర్లేనిది” అనిపిస్తుంది. అయితే వాట్సాప్ వెబ్‌లో కస్టమర్ పంపిన పేర్లు, పెన్‌డ్రైవ్‌లో తెలుగులో పేరు పెట్టిన ఫైళ్లు, బ్రౌజర్‌లో వార్తలు చాలావరకు తెర మీద కనబడేది దీనివల్లే. దీన్ని తొలగిస్తే డిజైన్ చెడకపోవచ్చు, కాని మ్యాటర్ చదవడమే కష్టమవుతుంది.

గౌతమి, వాణి కథ ఇంకో రకం. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతో గౌతమి, 2009 నాటి విండోస్ 7తో వాణి వచ్చాయి. విండోస్ 10 నుంచి ఈ రెండింటినీ ప్రధాన సరుకులోంచి తీసి, తెలుగు అదనపు ఫాంట్లు అనే ఐచ్ఛిక భాగంలో పెట్టారు. కొత్త మెషీన్‌లో ఇంగ్లిష్ మాత్రమే పెట్టుకుని విండోస్ వేస్తే ఇవి రావు. సెట్టింగ్స్‌లో తెలుగును భాషగా చేర్చినప్పుడు వస్తాయి. పదేళ్ల కిందట గౌతమిలో కొట్టి పెట్టిన గ్రామ పంచాయతీ నోటీసో, బడి ప్రశ్నపత్రమో కొత్త కంప్యూటర్‌లో తెరవగానే లైన్లు ఒకదాని మీద ఒకటి జరిగినట్టు కనబడటానికి చాలాసార్లు కారణం ఇదే: గౌతమి లేకపోవడంతో నిర్మల దాని చోట కూర్చుంది, రెండింటి ఎత్తు, వెడల్పు వేరు.

విండోస్‌లో నిజంగా తీయదగినవి ఈ ఐచ్ఛిక భాగాలే. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ అనే చోట, ఏ భాషకు సంబంధించిన అదనపు ఫాంట్లు ఎక్కి ఉన్నాయో పేర్లతో సహా కనబడుతుంది. జపనీస్, చైనీస్, కొరియన్, థాయ్ అదనపు ఫాంట్లు ఏ కారణం చేతనో ఎక్కి ఉంటే అక్కడినుంచి నిశ్చింతగా తీయవచ్చు; అవసరం పడితే ఇంటర్నెట్ ఉన్నప్పుడు మళ్లీ అక్కడినుంచే తెచ్చుకోవచ్చు. ఇది శుభ్రమైన పద్ధతి, మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న పద్ధతి.

అయితే ఈ జిల్లాల్లో ఇక్కడ ఒక గుంట ఉంది. అదే జాబితాలో అరబిక్ లిపి అదనపు ఫాంట్లు అనే పేరు కనబడుతుంది. మనకు అరబిక్ పనేముంటుంది అనుకుని దాన్ని తీస్తే, అందులోనే ఉన్న ఉర్దూ టైప్‌సెట్టింగ్ కూడా పోతుంది. నస్తాలీఖ్ పద్ధతిలో, అంటే ఉర్దూ చదివేవాళ్లకు అలవాటైన ఏటవాలు వరసలో, విండోస్ ఇచ్చే ఫాంట్ అదే. 2017లో ఉర్దూను తెలంగాణ అంతటా రెండో అధికార భాషగా చేశారు. దానికంటే ఎంతో ముందునుంచే మహబూబ్‌నగర్‌లో, నల్లగొండలో దుకాణాల బోర్డుల మీద, పెళ్లి రుక్కాల మీద ఉర్దూ ఉంది. ఉర్దూ కూర్చే ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వాడే షాపులకు దాని నూరీ నస్తాలీఖ్ వేరుగా ఉంటుంది కాబట్టి నష్టం వెంటనే తెలియదు. ఫ్లెక్స్ మీద ఒక వరుస ఉర్దూ వేయవలసి వచ్చి యూనికోడ్ (ప్రతి లిపి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే పద్ధతి) మ్యాటర్‌ను ఫోటోషాప్‌లో అతికించినప్పుడు గానీ బయటపడదు.

నారాయణపేట, మక్తల్, గద్వాల వైపు పోతే కన్నడం చేరుతుంది. సరిహద్దు దాటితే రాయచూరు. పిల్ల అటువైపు, పిల్లవాడు ఇటువైపు అయిన పెళ్లికి ఒకే పత్రిక రెండు లిపుల్లో వేయాలి. నారాయణపేటలో మరాఠీ మాట్లాడే కుటుంబాలున్నాయి, వాళ్లకు దేవనాగరి కావాలి. మిర్యాలగూడ మిల్లుల బియ్యం సంచి మీద తెలుగుతో పాటు ఇంగ్లిష్, ఒక్కోసారి హిందీ కూడా వస్తుంది; హిందీ మ్యాటర్ పంపేవాళ్లు మంగళ్ ఫాంట్‌లో కొట్టి పంపడం మామూలు, ఆ మంగళ్ కూడా విండోస్ 10 నుంచి దేవనాగరి అదనపు భాగంలోకే పోయింది. దేవరకొండ తండాల నుంచి వచ్చే లంబాడీ పాటల పుస్తకానికి మాత్రం ఏ కొత్త ఫాంటూ అక్కర్లేదు, దాన్ని సాధారణంగా తెలుగు అక్షరాల్లోనే రాసుకుంటారు. ఇలా షాపుకు వచ్చే పనిని పక్కన పెట్టుకుని చూస్తే తప్ప, ఏది ఉంచాలో ఏది తీయాలో ఆప్షనల్ ఫీచర్స్ జాబితా చెప్పదు.

తీయకుండా దాచవచ్చు కదా అనే ప్రశ్న సహజంగా వస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌లో హైడ్ అనే మీట ఉంది. ఎంచుకున్న భాషలకు సంబంధం లేని ఫాంట్లన్నింటినీ ఒకేసారి దాచే ఏర్పాటూ ఉంది. పేరు బాగుంది గానీ డిజైన్ పనిలో దానివల్ల ఒరిగేది తక్కువ. నోట్‌ప్యాడ్ లాంటివి విండోస్ ఇచ్చే జాబితాను వాడుకుంటాయి కాబట్టి వాటిలో ఫాంట్ మాయమవుతుంది. ఫోటోషాప్, ఇన్‌డిజైన్ లాంటివి సిస్టమ్‌లోని ఫాంట్లను తామే చదివి సొంత జాబితా కట్టుకుంటాయి. వాటికి ఈ దాపరికం పట్టదు. హైడ్ నొక్కి ఫోటోషాప్ తెరిచి, పేరు ఇంకా అక్కడే ఉందని కంప్యూటర్‌ను అనుమానించవలసిన పనిలేదు.

ఆ సాఫ్ట్‌వేర్లలో వాటికవే సొంత ఉపాయాలు ఉన్నాయి. ఫోటోషాప్ ఫాంట్ జాబితాలో పేరు పక్కన చిన్న నక్షత్రం ఉంటుంది. రోజూ వాడే ఇరవై ఫాంట్లకు ఆ నక్షత్రం నొక్కి, పైన ఉన్న నక్షత్రపు వడపోత పెట్టుకుంటే జాబితాలో ఆ ఇరవై మాత్రమే నిలుస్తాయి. కోరెల్‌డ్రాలో 2016 నాటి ఎక్స్8 వెర్షన్ నుంచి, ఫాంట్లను సర్దిపెట్టే ఫాంట్ మేనేజర్ వేరుగా వస్తోంది. పది నిమిషాల ఈ పనితో, దేన్నీ తొలగించకుండానే, మొదట చెప్పిన విసుగులో ముప్పాతిక వంతు తీరిపోతుంది.

రెండో రకం, అంటే సాఫ్ట్‌వేర్లతో వచ్చేవాటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. లిబ్రెఆఫీస్ వేసుకున్న వెంటనే జాబితాలో హీబ్రూ, అరబిక్, జార్జియన్, ఆర్మేనియన్ లిపుల నోటో ఫాంట్లు, వాటితో పాటు లిబరేషన్, డేజావూ కుటుంబాలు వచ్చి చేరతాయి. డిజైన్ మెషీన్‌లో ఉత్తరాలు టైపు చేసే అవసరం లేకపోతే ఆ సాఫ్ట్‌వేర్‌నే అక్కడినుంచి తీసేసి వేరే కంప్యూటర్‌లో పెట్టుకోవడం మేలు. కోరెల్‌తో వచ్చే వందల ఫాంట్లలో కావలసిన పది మాత్రం ఎక్కించి మిగిలినవి ఫోల్డర్‌లోనే ఉంచవచ్చు.

మూడో రకం దగ్గర ఆగి చూడాలి. అసెంబుల్డ్ కంప్యూటర్‌ను డీటీపీ పనికి అని చెప్పి కొంటే, దానిలో తరచుగా ఒక సీడీ కాలం నాటి మూట అంతా దింపి ఇస్తారు: ఇంగ్లిష్ డిస్‌ప్లే ఫాంట్లు వేల సంఖ్యలో, అను, శ్రీలిపి వంటి పాత తెలుగు ఫాంట్లు, ఎవరో ఎక్కడినుంచో కాపీ చేసినవి, పేరు మార్చినవి, సగం పాడైనవి. వీటిలో లైసెన్స్ ఉన్నవెన్నో లేనివెన్నో ఎవరూ అడగరు. ఈ మూట ఇప్పటికి ఎన్ని కంప్యూటర్లు మారిందో లెక్కలేదు, కాని మారిన ప్రతిసారీ కొంత చెత్త చేరుతూనే వచ్చింది.

ఆ మూటలోనే షాపు ప్రాణం కూడా ఉండటం దీనిలోని చిక్కు. అను ఫాంట్లు యూనికోడ్ కంటే పాత పద్ధతివి. వాటిలో తెలుగు అక్షరాల బొమ్మలు ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. కంప్యూటర్ దృష్టిలో అది తెలుగు కానే కాదు; ఫాంట్ ఉన్నంతసేపే అది తెలుగులా కనబడుతుంది. అనుపమ లేదా ప్రియాంకలో కూర్చిన ఫైలును ఆ ఫాంట్ లేని మెషీన్‌లో తెరిస్తే, పెళ్లికూతురి పేరు చోట ఇంగ్లిష్ అక్షరాలు, పైన చుక్కలు, గీతలు పెట్టిన యూరపు అక్షరాలు కలగలిసిన ఒక వరుస కనబడుతుంది. యూనికోడ్ ఫాంట్ పోతే నిర్మల వచ్చి ఆదుకుంటుంది. అను ఫాంట్ పోతే ఆదుకునేది ఏదీ లేదు. అడోబీ 2001లో పేజ్‌మేకర్ 7 తెచ్చి, 2004లో దాని అభివృద్ధిని నిలిపేసినా, ఈ జిల్లాల్లో ఇరవై ఏళ్ల పత్రికలు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు ఆ ఫైళ్లలోనే ఉన్నాయి. ఏటా అదే జాతరకు అదే కరపత్రం తేదీలు మార్చి వేయించుకునే కస్టమర్లు ఉన్నంతకాలం, పాతవి కదా అని ఆ ఫాంట్లను ఊడ్చడం షాపు బీరువాకు నిప్పు పెట్టుకోవడంతో సమానం.

యూనికోడ్ ఫాంట్లు గుట్ట పడటానికి వెనక ఇంకో తప్పు నిర్ధారణ ఉంది. ఫోటోషాప్‌లో తెలుగు మ్యాటర్ అతికించగానే “శుభాకాంక్షలు” అన్నది “శుభాకాంక్‌షలు” అని, “రాష్ట్రం” అన్నది “రాష్‌ట్‌రం” అని పొల్లు పొల్లుగా విడిపోయి కనబడుతుంది. ఆపరేటర్ ఫాంట్ బాగాలేదనుకుని ఇంకొకటి దించుతాడు, అదీ అలాగే ఉంటే మరొకటి దించుతాడు. యూనికోడ్‌లో “క్ష” ఒకే అక్షరంగా ఉండదు. క, దాని వెంట పొల్లు, ష అని మూడు సంకేతాలుగా ఉంటుంది. వాటిని కలిపి ఒత్తుగా చూపించే సూచనలు ఫాంట్‌లోనే ఉంటాయి, కాని ఆ సూచనలను చదివి అమలు చేయవలసింది సాఫ్ట్‌వేర్. ఫోటోషాప్ పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో దక్షిణాసియా లిపులకు వీలిచ్చే ఏర్పాటు ఎంచుకుని, పేరాకు వరల్డ్-రెడీ లేఅవుట్ పెడితే, ముందు విడిపోయిన అదే ఫాంట్ చక్కగా కలుస్తుంది. ఇన్‌డిజైన్‌లో సీఎస్6 నుంచి, అంటే 2012 నుంచి, వరల్డ్-రెడీ కంపోజర్ పేరుతో ఇదే పని జరుగుతుంది. రోడ్ల మీద వత్తులు విడిపోయిన ఫ్లెక్సులు ఇప్పటికీ కనబడుతున్నాయంటే తప్పు ఫాంట్లు చేసినవాళ్లది కాదు. ఈ ఒక్క సెట్టింగ్ సరి అయిన రోజున, దానికోసం దించిన ముప్పై ఫాంట్లలో ఇరవై అయిదు పని లేనివిగా తేలతాయి.

నకళ్ల సంగతి కూడా ఇక్కడే. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర చొరవతో 2012 ప్రాంతంలో ఉచితంగా విడుదలైన తెలుగు ఫాంట్లలో మండలి, రమాభద్ర, పెద్దన, తిమ్మన, సురవరం వంటివి ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో కూడా దొరుకుతాయి. సురవరం అన్న పేరు గోలకొండ పత్రిక నడిపిన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డిది; వార్తాపత్రికల పనికని చేసిన ఫాంట్‌కు ఆ పేరు పెట్టడం సముచితంగా ఉంది. ఒకే ఫాంట్‌ను మొదట ఒక చోటి నుంచి, తర్వాత గూగుల్ నుంచి, ఆ తర్వాత ఎవరో పంపిన జిప్ ఫైలులోంచి మూడుసార్లు ఎక్కించుకుంటే, ఫైలు పేరు చివర అండర్‌స్కోర్, సున్నా తగిలించుకుని రెండో ప్రతి కూడా ఫోల్డర్‌లో చేరుతుంది. ఫాంట్‌ను కంప్యూటర్ గుర్తుపట్టేది ఫైలు పేరుతో కాదు, లోపల రాసి ఉన్న పేరుతో. లోపలి పేరు ఒకటై వెర్షన్లు వేరైతే, ఈ రోజు ఒక ప్రతి, రేపు మరో ప్రతి పనిలోకి రావచ్చు. నిన్న సరిగ్గా పేజీలో పట్టిన మ్యాటర్ నేడు ఒక లైను కిందికి దిగడానికి కారణం వెతికితే తరచు ఇదే తేలుతుంది.

ఈ నకళ్లకు 2018 తర్వాత మరో దారి తెరుచుకుంది. ఆ ఏడాది వచ్చిన విండోస్ 10 మార్పు ప్రకారం, ఫాంట్ మీద రెండుసార్లు నొక్కి ఇన్‌స్టాల్ అంటే అది విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లోకి కాక, ఆ యూజర్ సొంత ఫోల్డర్‌లోకి పోతుంది. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు ఆ చోటు చూడవు. ఫాంట్ ఎక్కలేదనుకుని ఆపరేటర్ ఈసారి “ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్” నొక్కుతాడు, రెండు ప్రతులవుతాయి. మొదటినుంచే ఆ రెండో పద్ధతినే అలవాటు చేసుకుంటే ఈ తిప్పలు ఉండవు.

పాడైన ఫాంట్ ఒకటి ఉంటే కోరెల్ తెరుచుకుంటూ మధ్యలో ఆగిపోవడం, జాబితాలో ఒక పేరు దగ్గరికి రాగానే మూసుకుపోవడం జరుగుతుంది. వెయ్యి ఫాంట్లలో ఆ ఒక్కదాన్ని పట్టడానికి ఒక్కొక్కటీ తీసి చూడనక్కర్లేదు. విండోస్ వేశాక మనం ఎక్కించుకున్న ఫాంట్లను రెండు సగాలు చేసి, ఒక సగాన్ని తీసి పక్కన పెట్టి సాఫ్ట్‌వేర్ తెరవాలి. సమస్య పోతే దోషి పక్కన పెట్టిన సగంలో ఉంది. పోకపోతే మిగిలిన సగంలో ఉంది. దోషి ఉన్న సగాన్ని మళ్లీ రెండు చేయాలి. ఇలా పదిసార్లు చేస్తే వెయ్యిలో ఒకటి దొరుకుతుంది. ప్రతిసారీ కంప్యూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయడం మంచిది, ఎందుకంటే విండోస్ ఫాంట్ల వివరాలను ఒక క్యాష్‌లో దాచుకుని, తీసేసినదాన్ని కూడా కొంతసేపు ఉన్నట్టే చూపించవచ్చు.

మూడో రకం మూటకు అసలు పరిష్కారం ఫాంట్ మేనేజర్. నెక్సస్‌ఫాంట్, ఫాంట్‌బేస్ వంటివి ఉచితంగా దొరుకుతాయి. ఫాంట్లన్నీ విండోస్ ఫోల్డర్‌లో కాకుండా మరో డ్రైవ్‌లో ఒక మామూలు ఫోల్డర్‌లో ఉంటాయి; మేనేజర్ తెరిచి ఒక గుంపును ఆన్ చేసినప్పుడే అవి సాఫ్ట్‌వేర్లకు కనబడతాయి, మూసేస్తే మాయమవుతాయి. గుంపులను ఫాంట్ ఆకారాన్ని బట్టి కాక పనిని బట్టి కట్టుకోవడం ఇక్కడ నప్పుతుంది: పెళ్లిపత్రికలకొకటి, ఎన్నికల ఫ్లెక్సులకొకటి, బియ్యం సంచులకొకటి, ఉర్దూ, కన్నడ పనులకొకటి. చాలా పాత సాఫ్ట్‌వేర్లు ఫాంట్ల జాబితాను తెరుచుకునేటప్పుడే చదువుకుంటాయి కాబట్టి, పేజ్‌మేకర్ తెరవకముందే గుంపును ఆన్ చేయాలి. రోజూ పని పడే అను ఫాంట్లు పదో పన్నెండో ఉంటే వాటిని మాత్రం శాశ్వతంగా ఎక్కించి ఉంచడమే సుఖం.

ఈ పని మొదలుపెట్టే ముందు విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌నూ, యూజర్ సొంత ఫాంట్ల ఫోల్డర్‌నూ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఏదైనా చెడితే వెనక్కి రావడానికి రీస్టోర్ పాయింట్ పెట్టుకోవాలి. గత రెండేళ్ల ఫైళ్లలో ముఖ్యమైనవాటిని తెరిచి ఏ ఫాంట్లు వాడారో చూసుకోవాలి. ఇన్‌డిజైన్, ఇలస్ట్రేటర్‌లలో ఫైండ్ ఫాంట్ అని ఉంటుంది, ఇన్‌డిజైన్ ప్యాకేజ్ చేస్తే వాడిన ఫాంట్లను ఫైలు పక్కనే ఒక ఫోల్డర్‌లో పెట్టి ఇస్తుంది. కోరెల్‌లో అన్నింటినీ కర్వ్స్ చేసి, అంటే అక్షరాలను గీతల బొమ్మలుగా మార్చి, పంపే అలవాటు ఉన్నవాళ్లు, కర్వ్స్ చేయని ప్రతిని కూడా దాచుకున్నారో లేదో చూసుకోవాలి. కర్వ్స్ అయిన పేరులో ఒక్క అక్షరం తప్పుందని కస్టమర్ పట్టుకున్నాడంటే ఆ ఫాంట్ మళ్లీ వెతకవలసిందే. పాత ఫైలు తెరిచినప్పుడు ఫాంట్ లేదని పేజ్‌మేకర్, కోరెల్ ప్యానోస్ అనే ఫాంట్ మార్పిడి పెట్టె చూపించి వేరే ఫాంట్ పెట్టమంటావా అని అడుగుతాయి. హడావిడిలో ఓకే నొక్కి, అలాగే సేవ్ చేస్తే, అసలు ఏ ఫాంట్ ఉండేదో ఆ ఫైలుకు కూడా గుర్తుండకపోవచ్చు.

మ్యాక్ వాడేవాళ్లకు దారి కొంత వేరు. 2019 నాటి మ్యాక్ వెర్షన్ కెటలినా నుంచి సిస్టమ్ భాగం మొత్తం రాయడానికి వీల్లేని విధంగా ఉంటుంది కాబట్టి అక్కడ తొలగించే ప్రశ్నే లేదు. ఫాంట్ బుక్‌లో కొన్నింటిని డిసేబుల్ చేయవచ్చు, మిగిలినవాటికి ఫాంట్ మేనేజరే గతి. లినక్స్‌లో మాత్రం ఫాంట్‌కాన్ఫిగ్ అమరిక ఫైలులో ఫలానా ఫాంట్‌ను తిరస్కరించమని రాస్తే, దాన్ని అనుసరించే ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ ఆ పేరు కనబడకుండా పోతుంది. విండోస్ హైడ్ మీట చేయలేని పని అది. పాత మూటల్లో ఉండే, టైప్ 1 అనే అడోబీ పాత పద్ధతి ఇంగ్లిష్ ఫాంట్లను మాత్రం ఏ సిస్టమ్‌లోనైనా పక్కకు తీయవచ్చు. 2023 జనవరి నుంచి అడోబీ కొత్త వెర్షన్లు వాటిని చదవడం మానేశాయి. పాత ఫైళ్ల కోసం ఒక ప్రతి దాచుకుంటే చాలు.

ఇలా ఏరగా నిలిచిన తెలుగు ఫాంట్లను ఒక ఏ4 కాగితం మీద వరుసగా వేసి లామినేషన్ చేయించుకోవడం చిన్న పని. ప్రతి ఫాంట్‌లోనూ ఒకే మాటలు పడాలి, ఆ మాటలు కష్టమైనవై ఉండాలి: జ్యేష్ఠ పుత్రుడు, శ్రీలక్ష్మీ, రాష్ట్రం, వైశాఖ శుద్ధ పంచమి, స్త్రీ, అర్ఘ్యం. పక్కన ₹ గుర్తు కూడా ఉండాలి, ఎందుకంటే అది 2010లో వచ్చింది. అంతకుముందు చేసిన ఫాంట్లలో అది ఉండదు, బట్టల షాపు ఆఫర్ ఫ్లెక్స్ మీద ధర ముందు డబ్బా పడితే ఎవరికీ బాగుండదు. జ్యేష్ఠలోని ఠ ఒత్తు తేలిపోయిన ఫాంట్, శుద్ధలోని ధ ఒత్తు ద ఒత్తులా కనిపించే ఫాంట్ ఆ కాగితం మీదే దొరికిపోతాయి. గుండ్రటి అక్షరం కావాలన్న పెద్దమనిషి చేతికి ఆ కాగితం ఇస్తే వేలు పెట్టి చూపిస్తాడు, గదుగిని దాటవలసిన అవసరం ఇద్దరికీ ఉండదు.